చీకటి గదిలో సర్దిన పూసలు

పోయింది హార్డ్ డిస్క్. పోయిన రోజు గురువారం. అది దొరకడానికి ఉన్న గడువు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు. డిటెక్టివ్ పౌలురాజు ఢిల్లీలోని ఆ పిల్లల మానసిక వైద్య పరిశోధన సంస్థ మెట్లు ఎక్కేసరికి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. పైగా అతనికి ఆకలేస్తోంది. ఆకలి మీద ఉంటే తన బుర్ర పాదరసంలా పరిగెడుతుందని పౌలురాజు నమ్మకం. ఆకలి మీద ఉంటే అతని పక్కన నిలబడటం ఎవరి తరమూ కాదని అసిస్టెంట్ గౌరి అనుభవం.

పౌలురాజు పాలకొల్లు మనిషి. ఢిల్లీ పోలీసుల్లో ఇరవై ఏళ్ళు చేసి, పై అధికారులకు ఎదురు చెప్పే జబ్బు బాగా ముదిరాక ఉద్యోగం వదిలేసి, సరోజినీ నగర్‌లో ఒక దర్జీ కొట్టు పైన సొంత ఏజెన్సీ పెట్టుకున్నాడు. గౌరిది కరీంనగర్. సివిల్స్ రాద్దామని వచ్చింది. ప్రిలిమ్స్ నాలుగుసార్లు ఆమెను కాదన్నాక, ఐదోసారి ఆమే ప్రిలిమ్స్‌ని కాదని ఇతని దగ్గర చేరింది. జనరల్ స్టడీస్ కోసం చదివిందంతా ఇప్పుడు దొంగల మీద ప్రయోగిస్తోంది.

మెట్ల పైన వీళ్ళ కోసం చూస్తున్న అమ్మాయి డాక్టర్ అక్సా. వాళ్ళమ్మ నర్సు. పౌలురాజు వాళ్ళూ, వీళ్ళూ ఒకే తెలుగు చర్చికి వెళ్తారు. సండే స్కూల్లో ఊడిన ముందు పళ్ళతో ఈ పిల్ల వాక్యాలు అప్పజెప్పడం పౌలురాజుకి ఇంకా గుర్తు. ఇప్పుడు పిల్లల సైకియాట్రిస్టు. రాత్రి నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నా, ఇస్త్రీ చీర కట్టుకుని ఇంటర్వ్యూకి తయారుగానే ఉంది. ఆ ధైర్యం పౌలురాజుకి నచ్చింది.

నడవాలో నడుస్తూనే సంగతంతా చెప్పిందామె. బడంటే భయపడి గడప దాటని పిల్లల మీద ఆమె పరిశోధన. మొత్తం నలభై కుటుంబాలు. సగం మందికి మామూలు కౌన్సెలింగ్. మిగతా సగానికి, అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెట్టి నేర్పే కొత్త పద్ధతి. అది అక్సా సొంతంగా తయారు చేసుకున్నది. వైద్యం మాత్రం ఫరీదాబాద్‌లో వేరేవాళ్ళు చేస్తారు. వైద్యానికి ముందొకసారి, తరవాత ఒకసారి పిల్లలతో మాట్లాడి, ఆ వీడియోలు చూసి ఎవరికెంత నయమైందో మార్కులు వెయ్యడం అక్సా పని. ఎవరికి ఏ వైద్యం అందిందో ఆమెకి తెలియకూడదు. తెలిస్తే, ఎంత నిజాయితీపరురాలైనా, సొంత బిడ్డకి రెండు మార్కులు ఎక్కువ పడతాయి.

"అంటే కళ్ళకి గంతలు కట్టుకుని తీర్పు చెప్పాలన్నమాట," అన్నాడు పౌలురాజు.

"ఎగ్జాక్ట్‌లీ అంకుల్. ఎవరు ఏ గుంపో చెప్పే కోడ్ సాయిసుధ దగ్గరుంది. మా లెక్కలన్నీ తనే చూస్తుంది, ఫరీదాబాద్‌లో. చివరి మార్కు పడేదాకా తను విప్పదు, నేను అడగను. ఇంకా ఆరు కుటుంబాలు మిగిలాయి."

మీ పద్ధతి పని చెయ్యలేదని తేలితే ఎట్ల అని గౌరి అడిగింది. అక్సా నవ్వింది. "తేలితే అదే రాస్తాను దీదీ. పని చెయ్యదని తెలియడం కూడా తెలియడమే కదా."

అసలు ముడి ఫెలోషిప్ దగ్గర ఉంది. ఐదేళ్ళ పాటు సొంతంగా పరిశోధన చేసుకునే అవకాశం అది. సంస్థ మొత్తానికి ఒక్కటే. ఈరోజు నాలుగింటికి ఇంటర్వ్యూ. పోయిన డిస్క్‌లోని అసలు వీడియోలు కొన్ని ఇంటర్వ్యూ కమిటీ తన కళ్ళతో చూడాలి. డిస్క్ లేకపోతే ఇంటర్వ్యూ లేదు. ఇంటర్వ్యూ లేకపోతే, గురుగ్రామ్‌లో ఏదో పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో మనిషికి పదిహేను నిమిషాల చొప్పున రోగుల్ని చూసుకుంటూ ఆమె జీవితం గడిచిపోతుంది. ఆ నలభై కుటుంబాల సంగతి ఇక ఎవరూ పట్టించుకోరు. నకలు ఎందుకు లేదని పౌలురాజు అడిగితే, పిల్లల ముఖాలున్నాయి కాబట్టి నకలు తియ్యకూడదు, నెట్‌లో పెట్టకూడదు, ఇంటర్వ్యూ కమిటీకి చూపించడానికి తప్ప గది దాటించకూడదు అని ఎథిక్స్ కమిటీ షరతు పెట్టిందని చెప్పింది.

"అన్నీ బాగానే కూడదన్నారు. దొంగతనం చెయ్యకూడదని రాయడం మర్చిపోయినట్టున్నారు," అన్నాడు పౌలురాజు.

నడవా చివర సంస్థ డైరెక్టర్ డాక్టర్ మాణిక్యం ఎదురైంది. ఏలూరు ఆడపడుచు. అరవైకి దగ్గర పడినా నడకలో ఇంకా చురుకుంది. తెలుగు మాట వినగానే ముఖం విప్పారి, వీళ్ళని గదిలోకి తీసుకెళ్ళి టీ, జీడిపప్పు బిస్కెట్లు పెట్టించింది. పౌలురాజుకి ఆవిడ మీద వెంటనే గౌరవం కలిగింది. ఫెలోషిప్‌కి ఇద్దరు పోటీపడుతున్నారని, అక్సా ప్రొఫెసర్ పద్మనాభం గారి శిష్యురాలు కాగా, రెండో అభ్యర్థి డాక్టర్ కెల్విన్ తన శిష్యుడేనని ఆవిడే దాపరికం లేకుండా చెప్పింది. కమిటీలో తనతో పాటు బయటి నుంచి వచ్చే ప్రొఫెసర్లు ఇద్దరు ఉంటారట. నాలుగంటే నాలుగేనట. సంస్థ తరఫున గురుగ్రామ్ నుంచి ఒక పెద్ద డిటెక్టివ్ కంపెనీ మనిషిని కూడా పిలిపించిందట.

ఆ మనిషి ఎవరో చూడగానే పౌలురాజు నోట్లో బిస్కెట్ చేదెక్కింది. సాయిప్రకాష్. హైదరాబాద్ కుర్రాడు. ఒకప్పుడు పౌలురాజు దగ్గరే ఆరు నెలలు పని నేర్చుకుని, దర్జీ కొట్టు పైన ఏసీ లేదని గురుగ్రామ్ వెళ్ళిపోయినవాడు. ఇప్పుడు సూటు వేసుకుని, డిస్క్ పోయిన గది ముందు లాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, మీరింకా రిటైర్ కాలేదా?"

"నువ్వింకా నేర్చుకోలేదా?"

సాయిప్రకాష్ నవ్వేసి, తన రిపోర్ట్ ఆల్‌మోస్ట్ రెడీ అన్నాడు. గురువారం ఒంటిగంటకి డిస్క్ సొరుగులో ఉంది. రెండింటికి లేదు. తలుపుకి నంబర్ తాళం. ఆ నంబర్ ఈ ఫ్లోర్‌లో డాక్టర్లందరికీ తెలుసు, వారం నుంచి వైరింగ్ చేస్తున్న వాళ్ళకీ తెలుసు. నడవాలో కెమెరా ఆ వైరింగ్ వల్లే పని చెయ్యడం లేదు. సొరుగు తాళంచెవి లోపల మేకుకే వేలాడుతుంది. "సింపుల్ అన్నా. ఎవరికి లాభం? వీడియోల్లో సరుకు లేదు, కమిటీ చూస్తే దొరికిపోతుంది. అందుకే మీ క్లయింటే దాచింది."

అక్సా ముఖం పాలిపోయింది. పౌలురాజు గది చూపించమన్నాడు.

ఆ గదిని అక్కడ అందరూ చీకటి గది అంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక గోడంతా అద్దం. అద్దానికి అవతల పిల్లల ఆటగది. ఇటునుంచి చూస్తే అటు అంతా కనిపిస్తుంది. అటునుంచి చూసేవాళ్ళకి మాత్రం వాళ్ళ ముఖమే కనిపిస్తుంది. అక్సా ముందుగా లోపలికి వెళ్ళింది. ఆమె వెనక గౌరి వెళ్ళి, వెళ్ళగానే గోడ మీద చెయ్యి తడిమింది. స్విచ్ దొరకలేదు. అక్సా మాత్రం ఆ చీకట్లోనే చకచకా నాలుగడుగులు వేసి, సొరుగు లాగి చూపించింది.

"లైటు లేదామ్మా ఈ గదికి?" అన్నాడు పౌలురాజు.

"ఉంది అంకుల్. లైటేస్తే అద్దం అవతల పిల్లలకి మనం కనిపించిపోతాం. మొదటి రోజే నేర్పిస్తారు, ఏం జరిగినా లైటు వెయ్యొద్దని."

"ఇప్పుడు అవతల పిల్లలెవరూ లేరుగా?"

అక్సా అద్దంలోంచి ఖాళీ ఆటగదిని చూసింది. "అవును కదా," అని తన అలవాటుకి తనే నవ్వుకుని లైటు వేసింది.

సొరుగులో చెప్పుకోదగ్గదేం లేదు. సొరుగు పైనున్న బల్ల మీద ఒక చెక్క పెట్టె ఉంది. అందులో ఆరు అరలు, అరల నిండా చెక్క పూసలు. పిల్లల చేత రకాలు విడదీయించే పరీక్షకి వాడతారు. గురువారం పొద్దున తనే వాటిని సర్ది పెట్టానని అక్సా చెప్పింది. ఎర్ర గుండ్రాలు ఒక అరలో, తెల్ల గుండ్రాలు ఇంకో అరలో, నీలం గుండ్రాలు మరో అరలో. నలుచదరాలకీ అలాగే మూడు. పౌలురాజు మూత తీసి చూశాడు. గుండ్రాల అరల్లో అన్నీ గుండ్రాలే. నలుచదరాల అరల్లో అన్నీ నలుచదరాలే. రంగులు మాత్రం ఎరుపు, తెలుపు, నీలం కలగాపులగం.

"నేనిలా పెట్టలేదు," అంది అక్సా.

పౌలురాజు వంగి, బల్ల కాలి వెనక నుంచి ఒక నీలం పూసని బయటికి తీశాడు. తరవాత అతను చేసిన పనికి సాయిప్రకాష్‌కి నవ్వొచ్చింది. పెట్టెలో పూసలన్నీ వాటి వాటి అరల్లో సర్దించి, నేల మీద బోర్లించి, గౌరిని లోపల పెట్టి, లైటు ఆపి తలుపు మూశాడు. ఏరి సర్దమన్నాడు. పాపం గౌరి లోపల మోకాళ్ళ మీద పాకుతూ కరీంనగర్ యాసలో అతనికి వినపడేలాగే ఏదో గొణుక్కుంది. కాసేపటికి పెట్టెతో బయటికొచ్చింది. గుండ్రాలన్నీ గుండ్రాల్లోనే, నలుచదరాలన్నీ నలుచదరాల్లోనే ఉన్నాయి. రంగులు మాత్రం కలిసిపోయాయి.

"చేతికి ఆకారం తెలుస్తది సార్, రంగెట్ల తెలుస్తది?" అంది గౌరి, చీర దులుపుకుంటూ.

"అదీ సంగతి. సొరుగు లాగినప్పుడు దొంగ చెయ్యి తగిలి పెట్టె దొర్లింది. అవతల పిల్లల్లేరు, అది భోజనాల వేళ. లైటు వేసుకుంటే అడిగేవాడు లేడు. అయినా వెయ్యలేదు. వైరింగ్ చేసేవాడైతే మొదట వెతికేది స్విచ్చే. చీకట్లో పని చెయ్యడం చేతికి అలవాటైపోయిన మనిషి వీడు."

"కలర్ బ్లైండ్ కావచ్చు కదా," అన్నాడు సాయిప్రకాష్.

"రంగులు తెలియనివాడికి ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతాయిరా నాయనా. తెలుపూ నీలం కూడా కలిసిపోతే వాడికి చూపే లేనట్టు."

సాయిప్రకాష్ ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత లాప్‌టాప్ మూసి, అక్సా వైపు చూసి, తాపీగా అన్నాడు. "సో, ఈ ఫ్లోర్ డాక్టరే. పైగా పారిపోకుండా కూర్చుని పూసలు ఏరి సర్దిపెట్టే రకం. థాంక్యూ అన్నా. నా రిపోర్టుకి కావలసిన ఎవిడెన్స్ మీరే ఇచ్చారు."

చెప్పొద్దూ, పౌలురాజుకి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. తను తవ్విన గోతి దగ్గరికి తన క్లయింటే నడుచుకుంటూ వచ్చి నిలబడింది. సాయిప్రకాష్ ఈల వేసుకుంటూ డైరెక్టర్ గదివైపు వెళ్ళిపోయాడు.

ఆ తరవాత పౌలురాజు క్యాంటీన్‌లో డాక్టర్ కెల్విన్‌ని పట్టుకున్నాడు. పట్టుకున్న చోటు క్యాంటీన్ కాబట్టి ఛోలే భటూరే కూడా తెప్పించుకున్నాడు. కెల్విన్ కాకినాడ వాళ్ళబ్బాయి, పుట్టింది పెరిగింది ఇక్కడే. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతాడు, మనిషి మాత్రం కల్లాకపటం లేనివాడు. గురువారం ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఇదే బల్ల దగ్గర ఉన్నానని, తను కథలు చెబుతుంటే సగం క్యాంటీన్ విందని అన్నాడు. వంటవాడు కౌంటర్ వెనక నుంచే అవునన్నట్టు తలూపాడు. ఫెలోషిప్ తనకి రావాలని కోరికేగానీ, అక్సా లేని పోటీలో గెలిస్తే ఇంట్లోవాళ్ళు కూడా నవ్వుతారన్నాడు. బొమ్మలు సర్దే సంగతి అడిగితే సిగ్గుపడ్డాడు. తను ఎక్కడివక్కడ వదిలేస్తాడట, అక్సా రోజూ తిడుతుందట. ఆ ఫ్లోర్‌లో బొమ్మలు సర్దేది ఇద్దరేనట. ఒకరు అక్సా, రెండోది ఆమెకి ఆ అలవాటు నేర్పిన పద్మనాభం సార్.

ఇక అక్సా గురువారం ఆ గంటసేపు ఎక్కడుందో గౌరి కనుక్కొచ్చింది. పార్కింగ్‌లో ఉంది. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి కారు దిగనని మొండికేస్తే, అక్సా వెళ్ళి వెనక సీట్లో ఆ పిల్ల పక్కన కూర్చుని, కన్సల్టేషన్ అంతా కారులోనే చేసింది. తల్లి బయట ఎండలో నిలబడి చూసింది. గార్డు చూశాడు. పైగా, ఒంటిగంట నుంచి రెండు దాకా దారికి అడ్డంగా కారు పెట్టారని అతనికి ఇంకా కోపం పోలేదు.

పౌలురాజు భటూరే ఆఖరి ముక్క నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, పూసల పెట్టె చంకలో పెట్టుకుని పద్మనాభం గారి గదికి వెళ్ళాడు. అప్పటికి మూడు కావస్తోంది.

పద్మనాభం గారు ఆరు నెలల్లో పదవీ విరమణ చెయ్యబోతున్నారు. సగం దేశంలో పిల్లల సైకియాట్రీ నేర్చుకున్నవాళ్ళు ఆయన పేరు చెప్పుకుంటారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. పౌలురాజు పూసల పెట్టెని ఆయన ముందు పెట్టి మూత తీశాడు.

"అడగడానికి వచ్చారా, చెప్పడానికి వచ్చారా?" అన్నారాయన.

"సర్దించుకోవడానికి వచ్చానండి. రంగులు కలిసిపోయాయి."

ఆయన పెట్టెలోకి చూశారు. వేళ్ళు వాటంతట అవే ఒక తెల్ల పూసని తీసి తెల్ల పూసల్లో వేశాయి, తరవాత ఇంకోటి. మూడో పూస దగ్గర ఆగిపోయాయి. ఆయనకి అర్థమైపోయింది. పూసని పెట్టెలో పెట్టేసి, టిఫిన్ క్యారియర్ సంచీలోంచి చేతి రుమాల్లో చుట్టిన డిస్క్ తీసి బల్ల మీద పెట్టారు.

"నాలుగు దాటాక దొరికిందని నేనే ఇచ్చేద్దామనుకున్నాను. ఇంటర్వ్యూ ఇవాళ జరగకుండా ఆగితే చాలు. ఆరు నెలలు వాయిదా పడుతుందని నాకు చెప్పారు."

ఎందుకని పౌలురాజు అడిగాడు. కాస్త కరుకుగానే అడిగాడు, ఎందుకంటే అక్సా నిద్రలేని కళ్ళు అతనికి గుర్తున్నాయి.

మంగళవారం ఒకరు తనకి రహస్యంగా చెప్పారన్నారు పద్మనాభం గారు. ఇరవై ఏళ్ళుగా ఎరిగిన మనిషేనట. అక్సా పరిశోధన ఫలితం బయటికొచ్చిందట. కొత్త పద్ధతి పిల్లలకి మేలు చెయ్యలేదట, మామూలు కౌన్సెలింగే నయమని తేలిందట. ఇవాళ కమిటీలో అందరి ముందూ ఆ ఫలితం విప్పి అక్సాని నిలదీస్తారట. డిస్క్ లేక వాయిదా పడితేనే, ఈలోగా ఆ ఫలితం తనే మర్యాదగా రాసుకుని ఆ పిల్ల బతికి బట్టకడుతుందని కూడా ఆ మనిషే అన్నారట. చెప్పిందెవరని పౌలురాజు ఎంత తరచినా ఆయన పేరు చెప్పలేదు. మాటిచ్చానన్నారు.

"నా చిన్నప్పటి పరిశోధన కూడా ఇలాగే ఎదురు తిరిగింది. మా గైడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను. పదకొండేళ్ళు నన్ను ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. అక్సా అంత కాలం ఆగలేదు రాజుగారూ, మానేస్తుంది. మానేస్తే ఆ పిల్లలకి ఎవరున్నారు?"

పౌలురాజు కోపమంతా ఎటో పోయింది. ఎదురుగా కూర్చున్నది దొంగే, కానీ ఇంత చేతకాని దొంగని అతను జన్మలో చూడలేదు. డిస్క్ తీసుకుని లేవబోతుంటే పద్మనాభం గారు చెయ్యి పట్టుకున్నారు.

"నా పేరు చెప్పండి, పరవాలేదు. ఎందుకు తీశానో మాత్రం చెప్పకండి. ఇంకా ఆరు కుటుంబాలకి మార్కులు వెయ్యాలి ఆమె. ఫలితం ఏమిటో చెవిన పడితే ఆ మార్కులు చెల్లవు. నిజమైనా అబద్ధమైనా, విన్న మనసు విననట్టు ఉండలేదు. మూడేళ్ళ పని మట్టిపాలవుతుంది."

పేరు చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే పరిశోధన పోతుంది. కాబట్టి పౌలురాజు ఏదీ చెప్పకూడదనుకున్నాడు. డిటెక్టివ్‌గా పాతికేళ్ళ బతుకులో నిజం దొరికాక దాన్ని క్లయింటుకే చెప్పకుండా దాచాల్సి రావడం అతనికి ఇదే మొదటిసారి.

నాలుగుకి పది నిమిషాల ముందు డిస్క్‌ని అక్సా చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని గుండెలకి హత్తుకుంది. తరవాత అతని ముఖంలోకి చూసింది. పిల్లలు నోటితో చెప్పని సంగతుల్ని ముఖాల్లో చదవడమే ఆమె వృత్తి.

"ఎవరు అంకుల్?"

"ఇంటర్వ్యూ అయ్యాక చెబుతానమ్మా."

"ఎవరో చెబితే నా స్టడీకి నష్టమా?"

పౌలురాజు గడియారం వైపు చూశాడు. తలైనా ఆడించలేదు. అక్సా "అచ్ఛా, అయితే చెప్పొద్దు," అంది. చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, నాలుగింటికి పిలవగానే కమిటీ గదిలోకి నడిచింది. తలుపు మూసుకుంది. తలుపుకి చిన్న గాజు పలక ఉంది. అందులోంచి బల్ల వెనక ముగ్గురు కనిపిస్తున్నారు, మధ్యలో మాణిక్యం.

బయట బెంచీ మీద పౌలురాజు ఉసూరుమంటూ కూర్చున్నాడు. కేసు గెలిచిన మనిషిలా లేడు. లోపల ఆ పిల్ల మెరిసే కళ్ళతో తన పద్ధతి గురించి చెబుతూ ఉంటుంది, అది పని చెయ్యలేదని బయట కూర్చున్న తనకి తెలుసు. ఆ బాధంతా ఎవరో ఒకరి మీద తీర్చుకోవాలనిపించి, కోడ్ బయటపెట్టిన ఆ సాయిసుధకి ఫోన్ కలపమన్నాడు గౌరిని. గౌరి కలిపి స్పీకర్‌లో పెట్టింది.

సాయిసుధ మొదట అర్థం కానట్టు వింది. తరవాత ఆమెకి కోపం వచ్చింది. "ఫలితం బయటికొచ్చిందని మీకెవరు చెప్పారండీ? కోడ్ నేనింకా విప్పనే లేదు. అక్సా మార్కులు కూడా నా దగ్గరకి రాలేదు, ఆరు కుటుంబాలు అయ్యాక మొత్తం ఒకేసారి పంపుతుంది. మార్కులు ఆమె దగ్గర, కోడ్ నా దగ్గర. రెండూ కలిస్తేనే ఫలితం. ఇప్పటికి అది నాకే తెలియదు, ఇంకెవరికి తెలుస్తుంది?"

పౌలురాజు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. నవ్వాడు, మళ్ళీ నవ్వాడు, గౌరి భుజం తట్టాడు. అక్సా ఓడిపోలేదు. ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ గెలవలేదు, ఎవరికీ ఏమీ తెలియదు. ఏమీ తెలియకపోవడం ఇంత సంతోషంగా ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. పద్మనాభం గారికి ఈ మాట చెప్పి రమ్మని గౌరిని పంపబోతుంటే, ఆమె కదల్లేదు.

"సార్, మరి గా పెద్దసారుకి అబద్ధం జెప్పిందెవరు?"

అప్పుడే సాయిప్రకాష్ వచ్చాడు. టై వదులైంది, ముఖం వాడిపోయింది. పక్కన కూలబడి, మేడమ్ తన రిపోర్టు చదివి విసిరేసిందన్నాడు. "అక్సా అని రాశాను అన్నా. ఆవిడకి నచ్చలేదు. పద్మనాభం కాదా, సరిగ్గా చూశావా అని రెండుసార్లు అడిగింది. బుధవారం నుంచి మిగతా కేసులన్నీ పక్కన పెట్టాను, తీరా..."

"ఎప్పటి నుంచి?" అన్నాడు పౌలురాజు.

"బుధవారం. మేడమ్ బుధవారం పొద్దునే ఫోన్ చేసింది. వీడియోల కేసు ఒకటుంది, శుక్రవారం నాలుగు లోపల దొంగ దొరకాలి అని."

అన్నాక సాయిప్రకాష్‌కే వినిపించింది తనేమన్నాడో. డిస్క్ పోయింది గురువారం. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒకేసారి తలుపు గాజు వైపు తిరిగారు.

ఉచ్చు పన్నింది పద్మనాభం గారికి. గైడే దొంగగా దొరికితే శిష్యురాలి పరిశోధనని ఎవరు నమ్ముతారు? ఫెలోషిప్ కెల్విన్‌కి వెళుతుంది. కానీ దొంగ దొరకలేదు, డిస్క్ మాత్రం వచ్చేసింది. దొంగ పేరు కడుపులో దాచుకుని పౌలురాజే అక్సాని చేతులారా ఆ గదిలోకి పంపాడు. ఇప్పుడు మాణిక్యం చేతిలో మిగిలింది ఒకే ఒక్క ఆయుధం. అబద్ధమైతేనేం, ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం అక్సా చెవిన పడితే మూడేళ్ళ పని అక్కడికక్కడే చస్తుంది.

గాజులోంచి మాణిక్యం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టడం కనిపించింది. పౌలురాజు తలుపు తోసేశాడు.

"అక్సా, నీకిది చెప్పాలంటే నాకే బాధగా ఉంది," అంటోంది మాణిక్యం, కన్నతల్లిలా గొంతు తగ్గించి. "మీ స్టడీ ఫలితం మాకు..."

"అక్సమ్మా, చెవులు మూసుకో!"

ఇరవై ఏళ్ళు ఢిల్లీ వీధుల్లో వాడిన పోలీసు గొంతు అది. కిటికీ అద్దాలు అదిరాయి. అక్సా ఎందుకని అడగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. రెండు అరచేతులూ చెవులకి గట్టిగా అదుముకుంది, మాట్లాడే పెదవులు కూడా చూడకూడదని కళ్ళు మూసేసుకుంది. బయటి ప్రొఫెసర్లిద్దరూ బిత్తరపోయి చూస్తున్నారు.

పౌలురాజు తలుపు వేసి, కుర్చీ లాక్కుని అక్సా పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పండి మేడమ్, అందరం వింటాం. కోడ్ దాచిన సాయిసుధకే ఇంకా తెలియని ఫలితం మీకెలా తెలిసింది? గురువారం పోయిన డిస్క్ కోసం బుధవారమే మనిషిని ఎలా పిలిచారు?"

మాణిక్యం బల్ల మీది కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. ప్రొఫెసర్లిద్దరూ నెమ్మదిగా ఆవిడ వైపు తిరిగారు. అక్సా చెవుల మీంచి చేతులు తియ్యలేదు.